చేతికి తగ్గ చెక్క

మా బడికి ఎవరో ఇచ్చిన పాత ఎయిర్ రైఫిల్ ఇనుము బాగానే ఉంది, చెక్కే విరిగింది. గొట్టం, ట్రిగ్గర్ కూర్చునే ఆ చెక్కను స్టాక్ అంటారు. కొత్తది కొనే డబ్బు లేదు. గొడ్డలి కామలు, నాగళ్లు చేసే మామ ఊళ్లోనే ఉన్నాడు. ఇక ఎలాంటిది చేయించాలన్నదే తేలాలి.

పిల్లలు ఫోన్‌లో చూసి సినిమా తుపాకీలాంటి బొమ్మ ఒకటి ఎంచుకున్నారు. నల్ల రంగు కూడా వేద్దామన్నారు. ఒక తల్లి ఒప్పుకోలేదు. "అది పట్టుకుని నా బిడ్డ అడవి దారిలో నడిస్తే, ఆట తుపాకీ అని ఎవరు నమ్ముతారు సార్?" అంది. మన ప్రాంతంలో ఆ మాటను తీసిపారేయలేం. అందుకని మొదట రెండు సంగతులు ఖాయం చేసుకున్నాం. చెక్క చెక్కలాగే కనబడాలి. రైఫిల్ బడి దాటి పోకూడదు.

రెండో చిక్కు పెద్దది. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం, 2012లో లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఈ 10 మీటర్ల ఆటలోనే. గురి మధ్యనున్న పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. చెంప ప్రతిసారీ ఒకే చోట ఆనితేనే కన్ను ఆ చుక్క మీద నిలుస్తుంది. పోటీ స్టాకులు ఎక్కువగా కుడిచేతి వాళ్ల కోసం మలిచినవే. మా పిల్లల్లో బాగా గురి ఉన్న అమ్మాయిది ఎడమ చెయ్యి. ఎడమచేతి పిల్ల నుంచి బలపం లాగి కుడిచేతిలో పెట్టే అలవాటు మన బడుల్లో ఇంకా పూర్తిగా పోలేదు. తుపాకీతోనూ అదే చేయాలా? ఆ పిల్ల ఒక్కదానికే చేయిస్తే మిగతావాళ్ల సంగతేంటి?

మామకు బొమ్మలు చూపించాను. ఆయన పక్కన పెట్టేశాడు. "తుపాకీ సంగతి నాకేం తెలుసు అల్లుడా? పట్టేవాళ్లను తీసుకురా" అన్నాడు. పిల్లలందరి మోచేతి మడత నుంచి చూపుడువేలి దాకా తాడుతో కొలిచాడు. కామ చేసేటప్పుడూ ముందు చెయ్యే చూస్తాడు.

ఆ కొలతల నుంచే మా డిజైన్ తేలింది. రెండు వైపులా ఒకేలా ఉండే తిన్నని స్టాక్. చెంప ఆనించే చెక్క విడిగా, ఎటువైపైనా బిగించుకునేలా. భుజానికి ఆనే చోట పల్చని చెక్క బిళ్లలు. పొట్టివాళ్లకు తీసేయాలి, పొడుగువాళ్లకు కలపాలి. రైఫిల్ బరువు 5.5 కిలోల దాకా ఉండొచ్చని పోటీ నియమం. బరువుంటే నిలకడ వస్తుంది కానీ, మా బక్క పిల్లలు అంత మోయలేరు. తేలిగ్గానే చేయమన్నాం.

చెక్క పాత టేకు ద్వారబంధానిది. ఏళ్ల తరబడి ఆరింది. పచ్చి చెక్క ఆరేకొద్దీ వంకర తిరిగి గురి మారుస్తుంది. చెయ్యి పట్టే సన్నని చోట నార నిలువుగా సాగేలా చూసి కోశాడు. కామలు విరిగేది నార అడ్డం తిరిగిన చోటేనట.

ఇప్పుడు ఆ అమ్మాయి చెంప చెక్కను తన వైపుకు తనే బిగించుకుంటుంది. తన వంతు అయ్యాక విప్పి, తర్వాతివాళ్ల కోసం రెండో వైపు బిగించి ఇస్తుంది. దానికి రెండు నిమిషాలు పడుతుంది. తోటి టీచర్లకు నేను చెప్పేది ఒకటే: ఆ రెండు నిమిషాలు మన తరగతి గదుల్లోనూ ఇవ్వగలం.