ఒక్క స్టేషన్ దూరం

అమీర్‌పేట నుంచి పంజాగుట్టకి మెట్రోలో ఒక్క స్టేషన్. మా హాస్టల్ చెల్లెకి ఆ ఒక్క స్టేషన్ దాటడానికి ఏడు నెలలు పట్టింది.

ఇరవయ్యారేళ్ల పిల్ల. మాదిగ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి. మైత్రీవనం వెనక ఆరుగురు ఉండే గదిలో ఒక మంచం. పొద్దున సాఫ్ట్‌వేర్ కోర్సు, సాయంత్రం బట్టల షాపులో పని. ఒకరోజు స్నానం చేస్తుంటే రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. "నొప్పి లేదక్కా, అందుకే ఊకున్న" అని తర్వాత చెప్పింది. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలాసార్లు నొప్పి పెట్టదు.

ఒక క్లినిక్‌కి పోతే డాక్టర్ చేత్తో పరీక్షించను కూడా లేదు. "ఈ వయసులో ఏం కాదు, కొవ్వు గడ్డ" అని మాత్రలు రాశాడు. అమ్మకి ఫోన్ చేస్తే "పెండ్లి గావాల్సిన పిల్లవు, ఎవ్వరికీ చెప్పకు బిడ్డా" అంది.

నాకు చెప్పిన మర్నాడే నిమ్స్‌కి వెళ్లాం. అల్ట్రాసౌండ్, సూది పరీక్ష. ట్రిపుల్ నెగెటివ్ అని తేలింది. హార్మోన్ మందులకు లొంగని, త్వరగా పెరిగే రకం. చిన్న వయసు వాళ్లలోనే ఎక్కువగా కనిపిస్తుంది.

హైదరాబాద్ క్యాన్సర్ రిజిస్ట్రీ నడిచేది కూడా నిమ్స్‌లోనే. 2020లో వచ్చిన జాతీయ నివేదిక ప్రకారం హైదరాబాద్ జిల్లాలో లక్ష మంది ఆడవాళ్లకి రొమ్ము క్యాన్సర్ రేటు 48. దేశంలోని రిజిస్ట్రీలన్నిటిలో అదే ఎక్కువ. మన జనాభాలో యువత ఎక్కువ కాబట్టి పేషెంట్లలోనూ చిన్న వయసు వాళ్లు ఎక్కువ కనిపిస్తారని కొందరంటారు. కొంత నిజమే. కానీ 48 అనేది వయసు తేడాలు సర్ది వేసిన లెక్క. అమెరికాలో కూడా 50 ఏళ్లలోపు ఆడవాళ్లలో 2012 నుంచి 2021 దాకా ఈ రేటు ఏటా 1.4 శాతం పెరిగింది. ఆలస్యపు కాన్పులు, తక్కువ మంది పిల్లలు, కొందరిలో బీఆర్‌సీఏ జన్యుమార్పు అని కారణాలు చెబుతారు. ఏ ఒక్కటీ మొత్తం పెరుగుదలని వివరించదు.

ఇరవైల్లో ఈ జబ్బు అరుదు. అరుదంటే రాదని కాదు కదా! కేంద్రం 2016లో ఇచ్చిన స్క్రీనింగ్ మార్గదర్శకాలు మొదలయ్యేదే 30 ఏళ్ల నుంచి. పోనీ 30 దాటిన వాళ్లకైనా జరుగుతోందా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30-49 ఏళ్ల ఆడవాళ్లలో ఎప్పుడైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు.

ఇంకో మాట. ఆ రిజిస్ట్రీ నివేదికలో వయసు పట్టిక ఉంది, ఊరి పట్టిక ఉంది. కులం పట్టిక లేదు. "ఆడవాళ్లలో పెరుగుతోంది" అంటున్నారు సరే, ఏ ఆడవాళ్లు ఏ దశలో ఆస్పత్రికి చేరుతున్నారు? ఎవరి గడ్డని డాక్టరు ముట్టుకుని చూశాడు, ఎవరిది చూడలేదు? ఈ లెక్క మనం అడగాలి.

చెల్లెకి ఆరోగ్యశ్రీ కింద కీమో నడుస్తోంది. మొన్న జుట్టు ఊడిన తలకి చున్నీ చుట్టుకుంటూ అడిగింది: "అక్కా, ఫీజు కట్టిన కోర్సు ఎన్ని నెలల దాకా చెల్లుతది?" ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లి అడిగొస్తానని చెప్పాను.

అమ్మాయిలూ, గడ్డ తగిలితే, చనుమొన లోపలికి పోతే, రక్తం కారితే, చర్మం సొట్టపడితే ఆగకండి. చేత్తో పరీక్ష, అల్ట్రాసౌండ్, అవసరమైతే సూది పరీక్ష. "చిన్న వయసు" అని పంపించేస్తే ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఒక్కరే వెళ్లొద్దు. సంఘాల్లో ఉన్న తమ్ముళ్లూ, ఈ మాట మీ మీటింగుల్లో సిగ్గుపడకుండా మాట్లాడండి. వచ్చే ఆదివారం మా హాస్టల్లో కూర్చుంటున్నాం. మీ హాస్టల్లో ఎప్పుడు?

జై భీమ్.