గోళీలో తలక్రిందుల లోకం

పగిలిన గోళీసోడా సీసాలోని గోళీకోసం పోట్లాడుకోని బాల్యం మా గుడివాడ వైపు అరుదు. ఆ గోళీని చేయి చాచి పట్టుకొంటే అవతలి కొబ్బరిచెట్టు చిన్నదై, తలక్రిందులై అందులో వ్రేలాడుతుంది. అదే గోళీని పుస్తకంలోని అక్షరంపై ఆనిస్తే, అక్షరం ఇంచుమించు మూడింతలై నిటారుగా నిలుస్తుంది. ఒకే గాజుకు రెండు నడతలెందుకు?

కిరణం గాజులో ప్రవేశించేటప్పుడొకసారి, వెలువడేటప్పుడొకసారి వంగుతుంది. దూరాన్నుండి వచ్చిన కిరణాలు గోళం దాటాక, దాని వ్యాసంలో నాలుగోవంతు దూరాన కలుస్తాయి. ఆ చోటే నాభి. నాభికి అవతలనున్న వస్తువు తలక్రిందులవుతుంది; ఇవతలనున్నది పెద్దదై నిటారుగా కనిపిస్తుంది. మర్మమంతా వస్తువు నిలిచిన చోటులోనే ఉన్నది. దివిసీమలో కార్తీకపు వేకువన వరి ఆకుమీది మంచుబిందువూ ఈ ధర్మాన్నే పాటిస్తుంది. అయితే నీరు కిరణాన్ని గాజుకంటె తక్కువ వంచుతుంది గనుక, నీటిగోళానికి నాభి వ్యాసంలో సగం దూరాన ఉంటుంది.

గోళం చిన్నదైనకొద్దీ నాభి దగ్గరవుతుంది, పెంచి చూపే శక్తి హెచ్చుతుంది. 17వ శతాబ్దంలో డెల్ఫ్ట్ నగరపు బట్టల వర్తకుడు లీవెన్‌హోక్ ఇట్టి చిన్న కటకాలతోనే సూక్ష్మజీవులను చూశాడు. నేటికి మిగిలినవాటిలో మిక్కిలి శక్తిగల ఆయన కటకం సుమారు 1.3 మి.మీ. గాజుపూస అని 2021లో తేలింది. అది 266 రెట్లు పెంచి చూపుతుంది! డచ్చి కంపెనీ ఆరు శాఖలలో డెల్ఫ్ట్‌ది ఒకటి. అద్దకపు బట్టలకోసం 1605లో బందరు చేరిన కంపెనీ అదే. వలందపాలెం పేరులో వారింకా నిలిచే ఉన్నారు. పోగులను పరీక్షించే వర్తకుని చూపు సూక్ష్మలోకానికి దారి తీసిందంటే, బట్ట విలువ తెలిసిన బందరువారికి వింతగా తోచదు.

గోళానికొక దోషమున్నది. అంచున పోయే కిరణాలు నడిమి కిరణాలకంటె ముందే కలుస్తాయి, బొమ్మ చెదురుతుంది. పలుచని కటకంలో వంపు స్వల్పం గనుక ఈ దోషం తగ్గుతుంది. 20 సెం.మీ. నాభ్యంతరం గల కటకానికి 60 సెం.మీ. దూరాన దీపముంచండి. అవతల 30 సెం.మీ. వద్ద కాగితం పట్టండి. సగం పరిమాణంలో తలక్రిందుల దీపం దానిమీద వెలుగుతుంది.

మన కంటిలోనూ ఇదే జరుగుతుంది. కాకపోతే కాగితం కదలదు, కటకమే తన వంపు మార్చుకొంటుంది. వయసుతో అది బిగుసుకొంటుంది, శుక్లం కమ్మితే మసకబారుతుంది. ఇప్పుడు నా రెండు కళ్ళలోనూ ఉన్నవి 6 మి.మీ. వెడల్పైన కృత్రిమ కటకాలు. వాటి వంపు మారదు. మంగినపూడి తీరాన దూరపు పడవ తెరచాప చక్కగా కనిపిస్తుంది. చేతిలోని భాగవతం మాత్రం అలుక్కుపోతుంది. జీవితమంతా అక్షరాన్ని నమ్ముకొన్నవాడికి ఇది చిన్న సంగతి కాదు. అయితే ముక్కుమీదికి మరొక పలుచని కటకం రాగానే పోతన్నగారు మళ్ళీ పలుకుతారు.

చిత్రమేమంటే, ఆ పద్యం కూడా కంటి వెనుక తెరపై తలక్రిందులుగానే పడుతున్నది. దాన్ని నిలబెట్టి చదువుకొనేది మనస్సే. ఆ పనికి ఏ గాజూ అక్కరలేదు.