కలివికోడిని వెదకఁబోయిన దినము

పుష్యమాసమున నొకనాఁటి వేకువను చద్దిమూట గట్టుకొని, మావారితోఁ గూడి కడపజిల్లాలోని లంకమల చెంత కేగితిని. 1848లో జెర్డను అను వైద్యునివలన లోకమునకుఁ దెలిసిన కలివికోడి, 1900 తరువాతఁ గానరాకపోఁగా, నశించెనని పండితులు తలంచిరి. 1986 జనవరిలో నీ సీమయందే మరల దొరకెను. తెలుగుగంగ కాలువ మార్గమును సైతము దీనికొఱకు మార్చిరి.

పొద్దు వాలువఱకు ముళ్లపొదల నడుమ వెదకితిమి, పిట్ట కనఁబడలేదు. దారిలో కట్టెలమోపుతో నొక యవ్వ యెదురై, "అది రేయి తిరిగే పిట్ట. పగలొస్తే యాడ కనపడతాదమ్మా!" యని నవ్వెను. ఆ మోపులో కలివికంపయు నుండెను. పిట్ట కదియే గదా నీడ! వలదని చెప్పఁబోయి యాగితిని.

సోదరీమణులారా, ఇంట గ్యాసుపొయ్యి గల నేను ఆమె కేమని చెప్పుదును?