వైఫై చిప్ సంగతి ఎక్కడ రాయాలి?

నంద్యాల జిల్లా కొత్తపల్లెలో ఒకతను పాత లాప్‌టాప్‌లో లినక్స్ ఎక్కించాలనుకున్నాడనుకుందాం. తన వైఫై చిప్ పనిచేస్తుందా లేదా అన్నది అతనికి ముందే తెలియాలి. పనిచేయకపోతే, దాని ఫర్మ్‌వేర్ దించుకోవడానికి నెట్టే ఉండదు మరి!

డెబియన్ అనే లినక్స్ పంపిణీ ఈ చిక్కుతో పన్నెండేళ్లు కుస్తీ పట్టింది. హైదరాబాద్ 'స్వేచ్ఛ' వాళ్ల తెలుగు ఓఎస్‌కి పునాది కూడా ఈ డెబియనే. 2011లో వచ్చిన డెబియన్ 6లో స్వేచ్ఛా లైసెన్సు లేని ఫర్మ్‌వేర్‌ను కెర్నెల్ నుంచి వేరు చేశారు. అది కలిపిన సీడీలు అనధికారికంగా ఎక్కడో మూలన ఉండేవి, వెతికినవాడికే దొరికేవి. 2022లో ఓటింగ్ పెట్టి, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఆ ఫర్మ్‌వేర్‌ను అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే చేర్చారు. దాంతో డాక్యుమెంటేషన్‌లో ఎన్నో హెచ్చరికలకు పని తగ్గింది.

ఏవి పనిచేస్తాయో చెప్పే లాప్‌టాప్ మోడళ్ల జాబితా మాత్రం దండగ. ఒకే మోడల్ పేరుతో వేర్వేరు వైఫై చిప్‌లు వస్తుంటాయి. ఫ్రీబీఎస్‌డీ అనే ఓఎస్ వాళ్ల పద్ధతి నయం: ప్రతి డ్రైవర్ మాన్యువల్ పేజీలోనే అది నడిపించే చిప్‌ల పేర్లుంటాయి, విడుదలతో వచ్చే హార్డ్‌వేర్ జాబితాను అందులోంచే తీస్తారు. డ్రైవర్ రాసినవాళ్లు ఒక్కచోట దిద్దితే చాలు. ఇక తన చిప్ ఏదో తెలియాలంటే, లినక్స్‌లో 'lspci -nn' కమాండ్ చిప్ నంబరు చూపిస్తుంది. ఇంటెల్ పరికరాలకు ముందు 8086 అని ఉంటుంది, అది 1978 నాటి ఆ కంపెనీ ప్రాసెసర్ పేరే!

పాత లాప్‌టాప్‌కు వైఫై కాక ఇంకో చిక్కూ ఉంది: 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ లేదు. ఆ ఒక్క ముక్క మాత్రం డౌన్‌లోడ్ బటన్ పక్కనే ఉండాలి.