చెవిలో పాడిన పాట

ఖమ్మము నుండి భద్రాచలము పోవు దారిలో, గోదావరికి చేరువగా, అడవి అంచున మా పల్లె యున్నది. 2022 సెప్టెంబరులో, హైదరాబాదు సంస్థానము భారతదేశమున విలీనమై 74 ఏండ్లు నిండిన సందర్భమున, నేను ప్రధానోపాధ్యాయుడుగా పనిచేసి విరమించిన బడి ఆవరణములో ఆనాటి పోరాటపు పాటలు, ఉపన్యాసములు ఒక రాత్రి వినిపించిరి. మా అమ్మకు 84 ఏండ్లు. ఆమెను వెంటబెట్టుకొని పోయితిని.

మొదట బుర్రకథ. కథకుడు భుజమున తంబుర ధరించి, వ్రేళ్ల అందెలు మ్రోగించుచు అడుగు వేయగా, ఇరుప్రక్కల వంతలు డక్కీలు వాయించిరి. ఒకడు రాజకీయము చెప్పును, రెండవవాడు హాస్యమాడును. కఠినమైన మాటను నవ్వించుచు చెప్పుటకు ఇంతకన్న మంచి ఉపాయము లేదని నా అభిప్రాయము. చదువురాని వారికి ఆ దినములలో పాటయే వార్తాపత్రిక. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండుకు నేలకొరిగిన సంగతి పాటయై పల్లెపల్లెకు ప్రాకెను. సుద్దాల హనుమంతు వంటి కవులు జనులెరిగిన జానపద బాణీలలోనే క్రొత్త మాటలు కూర్చిరి. కావుననే ఒకమారు విన్నవారు మరునాడు నాట్లు వేయుచు పాడగలిగిరి.

పిదప ఒకరు ఆనాటి ఉపన్యాసమును కాగితము చూచి చదివిరి. నాకది రుచింపలేదు. 1945లో ఖమ్మములో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు మా తాతగారు నడచి పోయి విని వచ్చి, కూలి లేకుండ దొరలకు చేయవలసిన వెట్టిని గూర్చి అక్కడ విన్న మాటలనే నెల దినములు చెప్పుకొనిరట. కాగితమున ఆ వేడి యేది?

చివరకు తొమ్మిదవ తరగతి బాలిక యొకతె కొమరయ్యను తలచు పాట నెత్తుకొనెను. హార్మోనియము, డోలకు, మైకు! అడవి దద్దరిల్లెను. పిల్లలు చప్పట్లు చరచిరి. నేనును చరచితిని. ప్రక్కకు చూతును గదా, అమ్మ కొంగు నోటికడ్డము పెట్టుకొని తల వంచుకొని యున్నది.

“ఆ పాట గట్టిగ పాడేది కాదు బిడ్డా. మా అన్న నా చెవిల పాడిండు. ఎవరన్న వింటే పానం పోయేది” అనెను.

ఆ మేనమామను నేను చూచి యెరుగను. ఆనాడు గోదావరి కీవల నిజాము రాజ్యము. ఆవల భద్రాచలము మదరాసు ప్రభుత్వముది. 1965లో వంతెన వచ్చువరకు దాటుటకు పడవలే గతి. రజాకార్ల భయమున ఒక రాత్రి అతడు పడవ యెక్కెను. 1948 సెప్టెంబరు 17న నిజాము లొంగిపోయెను. అడవులలో పోరాటము మాత్రము 1951 అక్టోబరు వరకు సాగెను. అదియు ముగిసెను. మామ తిరిగి రాలేదు. మా అమ్మమ్మ తాను బ్రతికియున్నన్నాళ్లు రాత్రిపూట ఒక ముద్ద అన్నము ఉట్టిలో ఉంచెడిది. ఇదంతయు ఎరిగియుండియు నేను చప్పట్లు చరచితిని.

కచేరీ ముగిసినది. ఆ బాలిక మా అమ్మను వేదికమీది నుండి గమనించినది కాబోలు, దగ్గరకు వచ్చి, “అమ్మమ్మా, నేను తప్పు పాడిన్నా?” అని అడిగెను.

“తప్పేం లేదు బిడ్డా, మంచిగ పాడినవు. ఇట్ల రా, కూసో” అని, అమ్మ ఆమె తలను దగ్గరకు తీసికొని చెవిలో పాడసాగెను. ప్రక్కనున్న నాకే మాటలు వినబడలేదు. బాలిక మాత్రము పెదవులు కదలించుచు నేర్చుకొనుచుండెను. వేదికపై మైకువాడు తీగలు చుట్టుకొనుచుండెను.