మూత తీస్తేగానీ తెలియదు!

ఉదయం ఏడు, మధ్యాహ్నం మూడు, రాత్రి పదకొండు. గోదావరిఖనిలో తరాల తరబడి రోజంటే ఈ మూడు ముక్కలే. ఫస్ట్ షిఫ్టు, సెకండ్ షిఫ్టు, నైట్ షిఫ్టు. నాన్న ఏ షిఫ్టులో ఉన్నాడో దాన్నిబట్టే ఇంట్లో పొయ్యి వెలిగేది, పిల్లలు గట్టిగా మాట్లాడాలో మెల్లగా మాట్లాడాలో తేలేది. ఇక్కడ ‘బాయి’ అంటే నీళ్ల బావి కాదు, బొగ్గు గని. బాయి మీదికి ఆలస్యంగా పోతే మస్టర్ పడదు. మస్టర్ పడకపోతే ఆ రోజు కూలి లేనట్టే. అలాంటి ఊళ్లో చేతికి వాచీ ఉండటం సోకు కాదు, అవసరం.

కాజీపేట-బల్లార్షా రైలు మార్గంలో ఒక స్టేషన్‌గా ఉన్న రామగుండం పక్కన 1960ల మొదట్లో గనులు తెరుచుకున్నాయి. జీడీకే ఒకటి, రెండు, ఐదు, ఏడు... ఇంక్లైన్ల నంబర్లే బస్తీల పేర్లయ్యాయి. ఎనిమిదో ఇంక్లైన్ కాలనీ అంటే ఇప్పటికీ ఎవరైనా దారి చూపిస్తారు. కాకతాళీయమే కావచ్చు గానీ, జపాన్‌కు చెందిన సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీలు మొదలైందీ ఆ రోజుల్లోనే, 1961లో. పల్లె విడిచి బొగ్గుబాయికి వచ్చిన కుర్రాడికి నెల జీతం, ఆ జీతాన్ని చూసి పిల్లనిచ్చే మామ, ఆ మామ పెట్టే సైకిలు, రేడియో, వాచీ! జనతా, కోహినూర్, కాంచన్, పైలట్... ఏ పేరైతేనేం, పెళ్లి ఫొటోలో వరుడి చెయ్యి కాస్త ముందుకు వచ్చి ఉండేది, వాచీ కనపడాలని.

ఇప్పుడు ఆ ముచ్చట సెల్‌ఫోన్ తీసుకుపోయింది. ఫోనైనా బాయిలోకి పోదనుకోండి, బీడీ అగ్గిపెట్టెల్లాగే దాన్నీ పైనే వదిలి దిగాలి. అయినా వాచీల మీద మోజు తగ్గలేదు, దారి మారిందంతే. సింగరేణి లాభాల్లో కార్మికుల వాటా దసరాకు ముందు చేతికొస్తుంది. 2024లో అది 33 శాతం. ఆ వెంటే దీపావళి బోనస్. డబ్బు వచ్చిందంటే లక్ష్మీనగర్ వీధుల్లో కాలు పెట్టే సందు ఉండదు. బట్టలు, బంగారం, బండ్లు. వాటి మధ్యే మణికట్టు మీద మిలమిల్లాడే ‘ఫస్ట్ కాపీ’లు కూడా. టైటాన్, ఫాస్ట్రాక్, క్యాసియో పేర్లతో కొన్ని వందలకు దొరికేవి ఒక రకం. రోలెక్స్, ఒమేగా పేర్లతో వేలల్లో అమ్మేవి ఇంకో రకం.

ఫస్ట్ కాపీ అని చెప్పి అమ్మితే కొనేవాడికి కనీసం సంగతి తెలుసు. (చట్టానికి మాత్రం అదీ నేరమే. ట్రేడ్ మార్క్స్ చట్టం 1999 ప్రకారం దొంగ ముద్ర సరుకు అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా.) చిక్కంతా ‘అసలుదే, విదేశం నుంచి మా బావ తెచ్చాడు, అర్జెంటుగా డబ్బు కావాలి’ అన్న మాటతో వచ్చే వాచీతోనే. రిటైరయ్యి చేతినిండా డబ్బున్న మనిషికి, కొత్తల్లుడికి ఏం పెట్టాలా అని ఆలోచిస్తున్న ఇంటికి అదే మాట తీయగా వినిపిస్తుంది.

సెకన్ల ముల్లును నమ్మొచ్చా?

రోలెక్స్ అనగానే అందరూ చెప్పే పరీక్ష ఒకటుంది. సెకన్ల ముల్లు టిక్కు టిక్కుమని గెంతితే నకిలీ, జారుతున్నట్టు పోతే అసలు. ఒకప్పుడు ఇది పనికొచ్చేది. బ్యాటరీ వాచీలో ముల్లు సెకనుకు ఒక్క గెంతు వేస్తుంది. నేటి రోలెక్స్ మెషీన్లలో సెకనుకు ఎనిమిది చిన్న అడుగులు వేస్తుంది, అందుకే కంటికి జారినట్టుంటుంది. పాత నకిలీల్లో చవక బ్యాటరీ మెషీను పెట్టేవారు కాబట్టి దొరికిపోయేవారు. ఇప్పటి నకిలీల్లో అదే వేగంతో నడిచే ఆటోమేటిక్ మెషీన్లు పెడుతున్నారు. అంటే ముల్లు గెంతితే అనుమానించాలి గానీ, జారిందని సంబరపడకూడదు. రోలెక్సే 1977 నుంచి 2001 దాకా ఆయిస్టర్ క్వార్ట్జ్ పేరుతో బ్యాటరీ వాచీలు అమ్మిందన్న సంగతి ఇంకో తిరకాసు.

తేదీ మీద ఉండే చిన్న భూతద్దం కాస్త నమ్మకమైన సాక్షి. అసలుదానిలో అంకె రెండున్నర రెట్లు పెద్దగా, గడి నిండా కనిపిస్తుంది. చాలా నకిలీల్లో అంకె బక్కచిక్కి ఓ పక్కకు ఒరిగి ఉంటుంది. అద్దం మీద ఆరు అంకె దగ్గర 2000ల తొలినాళ్ల నుంచి కంపెనీ ఒక బుల్లి కిరీటం గుర్తు చెక్కుతోంది. అది ఏటవాలు వెలుతురులో, కంటికి పెట్టుకునే అద్దంతో వెతికితేగానీ దొరకదు. మామూలు కంటికే దర్జాగా కనపడిందంటే ఎవరో కష్టపడి పెద్దదిగా చెక్కారన్నమాట! వెనక మూత చూడండి. కొద్ది మోడళ్లు తప్పిస్తే రోలెక్స్ వెనక లోపలి మెషీను కనపడే గాజు మూత ఉండదు, ఉత్త లోహమే. గాజు మూతలోంచి చక్రాలు తిరుగుతూ ముచ్చటగా కనిపిస్తున్న పాత మోడల్ ‘రోలెక్స్’ను చూస్తే ముచ్చటపడి వదిలేయడమే మంచిది.

పెట్టె, కార్డు, బిల్లు ఉన్నాయంటారా? వాచీనే చేసినవాడికి కాగితం చేయడం ఎంత పని?

బంగారం కొనేటప్పుడు ఈ తిప్పలు కొంత తీరాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ లేకుండా అమ్మకూడదు. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నగ వివరాలు వస్తాయి. వాచీలకు సర్కారువారి ముద్ర అలాంటిదేదీ లేదు. నంబరు ఉంటుంది, కానీ ఒక అసలు వాచీ నంబరునే వంద నకిలీల మీద చెక్కొచ్చు. కంపెనీ అధీకృత దుకాణం కోసం రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలోని హైదరాబాద్ దాకా పోవాలి. ఖనిలో మిగిలిన దారి ఒక్కటే, చేయి తిరిగిన రిపేరర్ దగ్గర మూత తీయించడం. పైన ఎంత మెరుగు పెట్టినా లోపలి పలకల అంచులు గరుకుగా ఉన్నాయా, చెక్కిన అక్షరాలు పదునుగా ఉన్నాయా, ఆ మెషీను ఆ మోడల్‌కు చెందినదేనా అన్నది అక్కడ తేలుతుంది. మూత తీయనివ్వని అమ్మకందారు దగ్గర బేరం అక్కడితో ఆపేయొచ్చు.

మామ పెట్టిన వాచీకీ నకిలీ!

లక్షల రోలెక్స్ ఖనిలో ఎందరు కొంటారు? బొగ్గుబెల్టు ఇళ్లలో అసలు చిక్కు బీరువాలోని పాత హెచ్‌ఎంటీతోనే. హెచ్‌ఎంటీ వాచెస్ సంస్థ మూసివేతకు కేంద్రం 2016 జనవరిలో ఆమోదం తెలిపింది. దాంతో పాత జనతాలకు, పైలట్లకు ఒక్కసారిగా గిరాకీ పుట్టింది. గిరాకీ ఉన్నచోట చేతివాటం ఉండదా? తుక్కులో దొరికిన పాత మెషీను తీసుకుని, డయల్‌కు కొత్త రంగు వేసి, ఎక్కడివో ముళ్లు తగిలించి, మెరిసే కొత్త కేసులో పెట్టి ‘వాడని పాత సరుకు’ అని అమ్ముతున్నారు. నారింజ, చిలకాకుపచ్చ... ఆ కంపెనీ ఎన్నడూ వేయని రంగులన్నీ జనతాలకు వచ్చేశాయి. అద్దం పెట్టి చూస్తే అక్షరాలు లావుగా ఉబ్బి ఉంటాయి. ‘17 జ్యుయెల్స్, పారాషాక్’ అన్న వరుస వంకరపోతుంది. నిమిషాల గీతలు అంకెలతో కలవవు. లోపల మెషీను మాత్రం నిఖార్సైన హెచ్‌ఎంటీనే. దీన్ని అసలు అనాలా, నకిలీ అనాలా? లోపలిది అసలైనా, మొహం మాత్రం అబద్ధమే.

ఇందులో మనసు చివుక్కుమనే రకం ఇంకోటి. మోసం చేసినవాడెవడూ లేకుండానే వాచీ పాడవుతుంది. తండ్రి పోయాక కొడుకు బీరువా తీస్తాడు. బాయి చెమటకు పూత లేచిపోయి కింద ఇత్తడి పచ్చగా కనిపిస్తున్న వాచీ దొరుకుతుంది. డయల్ పసుపెక్కింది, అంచున ఒక మరక. ప్రేమగా రిపేరుకు తీసుకుపోయి ‘కొత్తదానిలా చేసివ్వండి’ అంటాడు. వారం తర్వాత నిజంగానే కొత్తది వస్తుంది. కొత్త డయల్, కొత్త కేసు, కొత్త ముళ్లు. తండ్రి ముప్ఫై ఏళ్లు చూసుకున్న ఆ మొహం, ఆయన చెమట తిన్న ఆ కేసు రిపేరు డబ్బాలో పడిపోతాయి.

చిత్రమేమంటే ఒకే గుర్తు రెండు చోట్ల రెండు మాటలు చెబుతుంది. రోలెక్స్ అన్నదానికి పసుపు పూత లేచి కింద ఇంకో లోహం కనపడితే అది దొంగసరుకే అనుకోవాలి, నేడు ఆ కంపెనీ బంగారు భాగాలకు గట్టి బంగారమే వాడుతుంది. పాత జనతా మీద క్రోమ్ పూత లేచి ఇత్తడి బయటపడిందంటే మాత్రం అది నిజంగా ఒక చేతి మీద బతికిందని అర్థం.

1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికులు ఇప్పుడు 40 వేల చుట్టూ ఉన్నారు. భూగర్భ గనుల్లో కొన్ని మూతపడి ఓపెన్‌కాస్టులు పెరిగాయి. పాత చేతులతోపాటు వాటి మీది పాత వాచీలు కూడా ఒక్కొక్కటే బీరువాల్లోకి, అక్కణ్నుంచి రిపేరు బల్లల మీదికి వస్తున్నాయి. అలాంటిది మీ ఇంట్లో ఉంటే రిపేరుకిచ్చే ముందే మాట తేల్చుకోండి. మెషీను శుభ్రం చేసి నూనె వేయడం వరకే పని. అద్దం గీతలు పడితే మార్చొచ్చు, డయల్ జోలికి పోవద్దు, ముళ్లు మార్చొద్దు. ఏదైనా మార్చక తప్పకపోతే పాత ముక్కను చిన్న కవర్లో పెట్టి తిరిగివ్వమనండి. ఇచ్చే ముందు సెల్‌ఫోన్‌లో డయల్‌ను, వెనక మూతను, వీలైతే మూత తీయించి లోపలి మెషీనును కూడా ఫొటో తీసి ఉంచుకోండి. వాచీ తిరిగొచ్చాక ఆ ఫొటోలు పక్కన పెట్టుకుని, అదే బల్ల ముందు నిలబడి మళ్లీ ఒకసారి మూత తీయమనండి.