పది నోట్ల కట్ట

రాత్రి తొమ్మిదిన్నరకి షట్టర్ సగం దించి, గల్లా పెట్టె గుమ్మరించుకుని కూర్చోవడం మా కిరాణా కొట్లో ఏళ్ల నాటి అలవాటు. నోట్లన్నీ ఒకే వైపు సర్ది, కట్టను ఎడమచేతి వేళ్ల మధ్య ఇరికించి, కుడి బొటనవేలు తడి స్పాంజి మీద అద్దుతూ, పెదవులు కదుపుతూ లెక్కపెట్టేవారు నాన్న. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ ఒకటి నుంచి మొదలు. నిరుడు ఆయనకి చూపు మందగించింది. ఓ రాత్రి అదే కట్టని మూడోసారి లెక్కపెడుతుంటే చూడలేక, మిషన్ కొందాం నాన్నా అన్నాను.

మిషన్ అంటే ఒకటే అనుకున్నాం. బ్యాంకుల్లో కట్ట విప్పకుండానే తగిలించి లెక్కించే పెద్దది ఒకటుంది, అది మనకి అక్కర్లేదు. విడినోట్లు లెక్కించే వాటిలోనే రెండు రకాలు. ఒకటి కాగితాలెన్నో చెబుతుంది. రెండోది ఏ నోట్లు ఎన్ని, మొత్తం ఎంత అని కూడా చెబుతుంది, ధర బాగా ఎక్కువ. నాన్న ఎలాగూ నోట్లు విడదీసే పెడతారు కాబట్టి మాకు మొదటిదే చాలనిపించింది.

మిషన్ల దుకాణంలో అమ్మే అబ్బాయి పెళపెళలాడే ఐదువందల నోట్లు పెట్టి చూపించాడు. చిటికెలో వంద. నాన్న మాట్లాడకుండా సంచిలోంచి మా పది రూపాయల నోట్ల కట్ట తీశారు. నూనె మరకలవి, మడతలు పడ్డవి, టేపు అంటించినవి. పైగా 2018లో వచ్చిన గోధుమరంగు పది నోటు పొడవు 123 మిల్లీమీటర్లు, పాతది 137. రెండూ ఇంకా చెలామణీలో ఉన్నాయి. వంద నోటూ అంతే: పాతది 157, ఊదారంగుది 142. సైజు చూసే మిషన్ ఇలాంటి కట్టకి ఆగిపోతుంది. మొదటి మిషన్ మూడుసార్లకి మూడు లెక్కలు చెప్పింది. రెండోది ఆగి ఆగి నడిచింది. మూడోదానికి సైజు పట్టింపు ఆపేసే మీట ఉంది. అది మూడుసార్లూ తొంభై ఎనిమిదే చూపించింది. నాన్న లెక్కా తొంభై ఎనిమిదే.

దొంగనోటు సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. బ్యాంకులో దొరికితే వాళ్లు ముద్ర వేసి ఉంచేసుకుంటారు, పైసా తిరిగి రాదు. మిషన్ అతినీలలోహిత కాంతితో, పరారుణ కిరణాలతో, నోటులోని అయస్కాంత గుణాన్ని బట్టి సరిచూస్తుంది. అయినా నాన్న ఐదువందల నోటుని వంచి, మధ్య దారం ఆకుపచ్చ నుంచి నీలానికి మారిందో లేదో చూడకుండా గల్లాలో వేయరు. అది మానమని నేనూ చెప్పను.

ధర కంటే ముందు అడగాల్సింది, చెడిపోతే మన ఊరికొచ్చి బాగుచేసేవాళ్లు ఎవరని. పిండి, కారం ఎగిరే కొట్లో రోలర్లకి, సెన్సర్లకి దుమ్ము పడుతుంది, వారానికోసారి బ్రష్షుతో తుడవాలి. ఎండ పడేచోట పెడితే సెన్సర్లు తికమకపడతాయి.

మీరూ కొనబోతుంటే, కొత్త ఐదువందల నోట్లు చూసి మాట ఇచ్చేయకండి. మీ గల్లాలో అన్నిటికంటే నలిగిన పది నోట్ల కట్ట పట్టుకెళ్లి, మూడుసార్లు వేయించండి.